కప్పల గురించి అడిగిన పిల్లవాడు: గోర్కీ ‘నా బాల్యం’

రష్యన్ రచయిత మాక్సిం గోర్కీ తన చిన్ననాటి గురించి రాసుకున్న ‘నా బాల్యం’ ఒక శవంతో మొదలవుతుంది. కిటికీ కింద, నేల మీద తండ్రిని పడుకోబెట్టి ఉంటారు. తెల్లని బట్టల్లో ఎప్పటికన్నా పొడుగ్గా కనిపిస్తాడు. కాలివేళ్ళు వింతగా విచ్చుకొని ఉంటాయి. కళ్ళ మీద నల్లని రాగి నాణేలు. తల్లి మోకాళ్ళ మీద కూర్చొని ఆయన జుట్టు దువ్వుతూ ఉంటుంది. ఆ దువ్వెనతో తాను పుచ్చకాయ తొక్కలు కోసుకుంటూ ఆడుకున్న సంగతి పిల్లవాడికి గుర్తొస్తుంది. ఆ తర్వాత శ్మశానం, వాన, గోతి అడుగున నీళ్ళు, నీళ్ళలో కప్పలు. వాటిలో రెండు శవపేటిక మూత మీదికి ఎక్కుతాయి. మనుషులు మట్టి పోసేస్తారు. ఇంటికి వస్తూ పిల్లవాడు అవ్వను అడిగేది తండ్రి గురించి కాదు, ఆ కప్పలు బయటికి రాగలవా అని.

నేను తిరుపతిలో ఆడపిల్లల వసతిగృహంలో వార్డెన్‌ను. ప్రతి జూన్‌లో కొత్త పిల్లలు చేరతారు. కుప్పం, పలమనేరు వైపు నుంచి వచ్చేవాళ్ళలో కొందరి అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పనుల్లో ఉంటారు, కొందరికి నాన్న ఉండడు. దరఖాస్తులో రాసుకోవాలి కాబట్టి అడుగుతాం. ఒక పిల్లను ఇలాగే అడిగితే, నాన్న ఎక్కిన బస్సులో తన కొత్త చెప్పులు ఉండిపోయాయని, వాటికి ఎర్ర పూలు ఉండేవని చెప్పింది. నాన్న గురించి ఇంకేమీ చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు. గోర్కీ కప్పల దగ్గరికి వచ్చినప్పుడు ఈయనకు పిల్లలు తెలుసు అనిపించింది. పిల్లలు దుఃఖాన్ని దుఃఖం అని చెప్పరు. పక్కన పడి ఉన్న వస్తువును చూపిస్తారు. ఇలాంటి పుస్తకం చేతికి వచ్చినప్పుడల్లా నేను మొదట వెతికేది ఆ వస్తువునే. అది లేకుండా కన్నీళ్ళు మాత్రమే ఉంటే, ఎంత నిజమైన కథ అయినా నా చేత చివరిదాకా చదివించలేదు.

కథ తెలియనివారికి కొంచెం చెబుతాను. గోర్కీ అసలు పేరు అలెక్సేయ్ పేష్కొవ్, పుట్టింది 1868లో. పిల్లవాడికి కలరా వస్తే సేవ చేస్తూ తండ్రి అదే జబ్బుతో పోయాడు. అప్పటికి పిల్లవాడికి మూడేళ్ళు. తల్లి, అవ్వ వాణ్ణి వోల్గా నది మీద ఓడలో నీజ్నీ నోవ్‌గొరోద్‌కు, తాత ఇంటికి తీసుకువెళ్ళారు. ఆ ఇంట్లో బట్టలకు అద్దకం వేసే పని, ఆస్తి పంచమని కొట్టుకునే ఇద్దరు మేనమామలు, శనివారం వస్తే మనవళ్ళను బెత్తంతో కొట్టే తాత. ఈ పుస్తకాన్ని గోర్కీ 1913–14లో, నలభై అయిదేళ్ళ ప్రాయంలో రాశాడు.

తాత కొట్టిన ఘట్టం కోసమైనా ఈ పుస్తకం చదవాలి. పండగలకు పరిచే తెల్లని బల్లగుడ్డకు నీలం రంగు వేస్తే బాగుంటుందని మామ కొడుకు సాషా చెబుతాడు. పిల్లవాడు ముంచేస్తాడు. తాత స్పృహ తప్పేదాకా కొడతాడు. త్సిగానొక్ అనే పనివాడు దెబ్బలు పిల్లవాడికి తగలకుండా తన చెయ్యి అడ్డం పెట్టి, తర్వాత ఆ వాచిన చెయ్యిని తెచ్చి చూపిస్తాడు. ఇక్కడ ఆపేసి ఉంటే తాత రాక్షసుడిగా మిగిలిపోయేవాడు. గోర్కీ ఆపలేదు. మంచం మీద ఉన్న పిల్లవాడి దగ్గరికి ఆ తాతే తినుబండారాలు, ఆపిలు, ఎండుద్రాక్ష పట్టుకొని వస్తాడు. పక్కన కూర్చొని, కుర్రతనంలో వోల్గా ఒడ్డున పడవలను తాళ్ళతో లాగిన రోజుల గురించి చెబుతాడు. చెబుతూ చెబుతూ ఆ ముసలివాడు పిల్లవాడి కళ్ళముందే బలంగా, పెద్దగా పెరిగిపోతాడు. పిల్లవాడికి ఆయన మీద భయం పోదు, చెడ్డవాడు కాడని మాత్రం తెలుస్తుంది. కొట్టిన చేతిని మరిచిపోలేడు కూడా. ఈ మూడూ ఒకేసారి ఉంటాయి. నా దగ్గర ఉన్న పిల్లల్లో కొందరు తాగివచ్చి కొట్టే తండ్రి కోసం ఆదివారం గేటు దగ్గర పొద్దుటి నుంచి ఎదురుచూస్తారు. అదెలా సాధ్యమని అడిగే కొత్త ఉద్యోగులకు నేను ఈ అధ్యాయం చదవమని ఇస్తాను.

అవ్వ గురించి రాయకపోతే సమీక్ష కాదు. అద్దకం పనిచోట మంటలు లేచినప్పుడు, పేలుతుందన్న సీసాను తీసుకురావడానికి ఆమె ఆ మంటల్లోకే పరుగెడుతుంది. రాత్రి అదే మనిషి దేవుడితో ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటుంది, పొరుగింటివాళ్ళతో మాట్లాడినట్టే. తాత దేవుడు వేరు, లెక్క చూసి శిక్ష వేసేవాడు. ఒకే ఇంట్లో ఇద్దరు దేవుళ్ళున్నారని పిల్లవాడు కనిపెట్టడం నాకు ఎంతో నచ్చిన చోటు. చివరికొచ్చేసరికి తాత పిసినారితనం ముదిరి, భార్యతో కూడా లెక్క వేరు చేసుకొని, టీ ఆకును అరచేతిలో పోసి లెక్కపెడతాడు. పేదరికం మీద ఎన్నో వ్యాసాలు చదివాను కానీ ఈ అరచెయ్యి వాటన్నిటికన్నా బలంగా నాలో నాటుకుంది.

లోపమూ ఉంది. ఒకచోట, పన్నెండో అధ్యాయంలో, పెద్దవాడైన గోర్కీ కథలోకి దిగి, ఇంత నీచమైన విషయాలు చెప్పడం అవసరమా అని తనను తానే అడిగి, అవసరమేనని జవాబు చెప్పుకుంటాడు. ఆ మాటల్లో నిజాయితీ ఉంది. అయినా అవి అక్కడ ఉండకూడదని నా అభిప్రాయం. తల్లి గుండె మీద తన్నిన మారుతండ్రి మీదికి పిల్లవాడు కత్తి తీసుకొని దూకిన ఘట్టం పక్కనే అవి వస్తాయి. ఆ పిల్లవాడి చెయ్యి వదిలి ఉపన్యాసం వినే ఓపిక నాకు లేదు. ఈ విషయంలో మన తిరుపతి పక్క మిట్టూరు నుంచి వచ్చిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు నాకు దగ్గరగా ఉంటారు. ‘పచ్చనాకు సాక్షిగా’లో పిల్లవాడు మన జిల్లా మాటల్లో అమ్మ గురించి, ఇంటి గురించి చెబుతూ పోతాడు. ఫ్రాంక్ మెకోర్ట్ ‘ఏంజెలాస్ యాషెస్’ కూడా ఇంచుమించు అంతే. అరవై ఆరేళ్ళ వయసులో, 1996లో ప్రచురించిన పుస్తకం అది. ఐర్లండ్‌లోని లిమెరిక్ పట్టణంలో తాను పడిన ఆకలిని ఈ నిమిషంలో జరుగుతున్నట్టుగా చెప్పాడు. ఇంగ్లిషు చదవగలిగితే అదీ చదవండి. అయితే ఒక్క పుస్తకమే ఉంచుకోమంటే మాత్రం నేను గోర్కీనే ఉంచుకుంటాను, ఆ తాత కోసం.

పేర్లతో ఇబ్బంది పడతారు. సాషాలే ఇద్దరున్నారు, ఒకడు యాకొవ్ మామ కొడుకు, ఇంకొకడు మిఖాయిల్ మామ కొడుకు. అట్ట లోపలివైపు పెన్సిలుతో వంశవృక్షం గీసుకుంటే నలభై పుటల తర్వాత దాని అవసరం ఉండదు. పదో తరగతి దాటినవాళ్ళకు నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. చిన్నవాళ్ళకు మొత్తం ఇవ్వకండి, పెద్దవాళ్ళు ఎంచి చదివి వినిపించండి. నేను ఎనిమిదో తరగతి పిల్లలకు ఓడ ప్రయాణం, కప్పలు, బల్లగుడ్డ చదివాను. బల్లగుడ్డ దగ్గర అందరూ తమ తమ దెబ్బల కథలు ఎత్తుకున్నారు, గంట కొట్టినా ఆపలేదు.

నా ప్రతి పాత పుస్తకాల కొట్టులో దొరికింది. అక్షరాలు చిన్నవి, కాగితం పసుపుపచ్చ. రాత్రిపూట చదివేవాళ్ళకు కళ్ళు లాగుతాయి. పాత ప్రతి కొంటే డబ్బు ఇచ్చేముందు చివరి పుట ఉందో లేదో తప్పక చూసుకోండి. నా ప్రతిలో అది ఊడిపోయి, జాగ్రత్తగా మధ్యలో దోపి ఉంది. తల్లి పోయిన కొద్దిరోజులకు తాత ఆ పదకొండేళ్ళ పిల్లవాణ్ణి పిలిచి, నువ్వు నా మెడలో వేలాడే పతకానివి కావు, వెళ్ళి లోకంలో బతుకు అని చెప్పేది ఆ పుటలోనే.