గ్వాలియర్ కోటలో సున్నా చూడాలంటే ఏ గేటు నుంచి ఎక్కాలి?

గ్వాలియర్ వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా, టాక్సీలో పడమటి వైపున్న ఉర్వాయి గేటు నుంచి కోట ఎక్కితే, ఆ పాత సున్నా చెక్కిన శాసనం ఉన్న చతుర్భుజ గుడి దారిలో తగలదు. మాకు జరిగింది అదే. గైడ్‌ని అడిగితే "చిన్న గుడి సార్, అక్కడ చూడ్డానికేం లేదు" అన్నాడు. మేం హైదరాబాద్ నుంచి వచ్చిందే దానికోసం కదా! మాన్ మందిర్ రాజభవనం చూసి, హాథీ పోల్ గేటు దాటి తూర్పు వైపు రాళ్ల దారిలో నడుచుకుంటూ దిగాం. ఏటవాలు బాగా ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా దిగాలి.

ఒకే బండను తొలిచి కట్టిన బుల్లి విష్ణు ఆలయం అది. తలుపుకు తాళం వేసి ఉంది. వాచ్‌మన్ కోసం అరగంట ఎదురుచూశాం, ఆయన వచ్చి తాళం తీసి, అడగకముందే గోడ మీద శాసనం వైపు చెయ్యి చూపించాడు. లోపల చీకటి, ఫోన్ టార్చ్ తప్పనిసరి. వెలుతురు నేరుగా కాకుండా పక్క నుంచి వేస్తే అక్షరాలు బాగా తేలతాయి. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయే ముందు కనిపెట్టింది. "నాన్నా, ఈ రెండు మన హిందీ పుస్తకంలో రెండులాగే ఉంది!" 2, 7, వాటి పక్కన ఇంకా చిన్నగా ఒక గుండ్రం. 270.

విక్రమ సంవత్సరం 933, అంటే క్రీ.శ. 876 నాటి శాసనం. ప్రతీహార రాజు మిహిర భోజుడి కాలంలో ఈ కోటను చూసుకున్న 'అల్ల' అనే పేరుగల అధికారి కట్టించిన గుడి. దేవుడి పూలతోటకు 270 మూరల పొడవు, 187 మూరల వెడల్పు ఉన్న స్థలం, రోజుకు 50 పూలదండలు, ఇవీ అందులోని లెక్కలు. 50లో కూడా అదే సున్నా. మా అమ్మాయి అక్కడే నోట్‌బుక్ తీసి గుణించింది, 50,490 చదరపు మూరలు వచ్చింది. నన్ను కదిలించింది ఏంటంటే, ఇది గణిత గ్రంథం కాదు, పూలదండల పద్దు. పద్దులోనే సున్నా ఇంత మామూలుగా ఉందంటే అప్పటికే జనానికి ఎంత అలవాటైపోయిందో చూడండి. సున్నాతో లెక్కలు ఎలా చెయ్యాలో గణితవేత్త బ్రహ్మగుప్తుడు 628లోనే నియమాలు రాశాడు. భోజుడి కాలంలోనే దక్షిణాన రాష్ట్రకూటుల రాజ్యంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం అనే లెక్కల పుస్తకం రాశాడు, తర్వాత కవి పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది దాన్నే.

ప్రపంచంలో మొట్టమొదటి సున్నా ఇదేనని అక్కడ చెప్తారు, అది మాత్రం సరికాదు. కంబోడియాలో దొరికిన 683 నాటి శాసనంలో చుక్క రూపంలో సున్నా ఉంది. అయినా మనం ఇప్పుడు రాసే గుండ్రటి సున్నాను, తేదీతో సహా, అది చెక్కిన చోటే నిలబడి చూడటం వేరే అనుభవం.

ఇక బస సంగతి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ తెల్లవారకముందే దింపేస్తుంది, కాబట్టి పొద్దున్నే గది ఇస్తారో లేదో ఫోన్ చేసి గట్టిగా అడగండి. స్టేషన్ దగ్గర మేం దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది కానీ, బుకింగ్‌లో ఒప్పుకుని కూడా రిసెప్షన్‌లో రెండు గంటలు కూర్చోబెట్టారు, పిల్లతో చాలా చిరాకేసింది. టిఫిన్‌కి హోటల్ బ్రెడ్ కంటే బయట వేడివేడి బేడై (పప్పు కూరిన పూరీ), ఆలూ కూర వంద రెట్లు నయం. మధ్యాహ్నం కోట మీదే దాతా బందీ ఛోడ్ గురుద్వారాలో లంగర్ (అందరికీ ఉచితంగా పెట్టే) భోజనం, వడ్డించేవాళ్ల ఆప్యాయత మర్చిపోలేను.

సాస్ బహూ గుళ్ల శిల్పాలకు గంట కేటాయించండి. తేలీ కా మందిర్ ఎత్తు చూసి తీరాలి. రాత్రి లైట్ షో మేం చూడలేదు. గూజరీ మహల్ మ్యూజియం తూర్పు గేటు దగ్గరే ఉంది కాబట్టి అక్కడ దిగి పైకి నడవండి, చతుర్భుజ గుడి దారిలోనే వస్తుంది. తాళం వేసి ఉంటే వెనక్కి తిరగకండి, వాచ్‌మన్ ఎక్కడున్నాడో పక్కవాళ్లను అడగండి.