మలక్‌పేటలో ఊబకాయం క్లినిక్: ముందు టేపు, తర్వాతే కాటా

మా ఆయన్ని చూసి ఎవరూ లావు అనరు. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది. పరగడుపు షుగరు బార్డర్‌లో, రక్తంలో కొవ్వు (ట్రైగ్లిజరైడ్స్) ఎక్కువగా వచ్చేసరికి భయమేసి ఇక్కడికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ ముందు నడుము కొలిచారు. 98 సెంటీమీటర్లు. మనవాళ్లలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 దాటకూడదట. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, 23 దాటితేనే మనకి అధిక బరువు కింద లెక్క, ఈయనది 24.5.

ఆవిడ విడమరిచి చెప్పిన తీరుకే ఈ రివ్యూ రాస్తున్నాను. కొవ్వు కూడా హార్మోన్లు వదిలే అవయవమేనని మొదలుపెట్టారు. కడుపు నిండిందని మెదడుకి చెప్పే లెప్టిన్ అక్కడిదే. ఇన్సులిన్‌కి తోడ్పడే అడిపోనెక్టిన్ కూడా అక్కడిదే, కానీ ఒళ్లు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. చర్మం కింద కొత్త కొవ్వు కణాలు పుట్టి మిగులంతా దాచుకుంటే నష్టం తక్కువ. ఉన్న కణాలే ఉబ్బిపోయి ఇక పట్టనప్పుడు కొవ్వు కాలేయంలోకీ కండరాల్లోకీ చేరుతుంది. ఆ ఉబ్బిన కణాల చుట్టూ రోగనిరోధక కణాలు మూగి వాపు పుట్టిస్తాయి, ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేస్తుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వులోంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికే పోతుందని బొమ్మ గీసి చూపించారు.

"మా తమ్ముడు నాకంటే లావు, వాడికి షుగరు లేదేంటండీ?" అని ఈయన అడిగారు. తొడలు, పిరుదుల దగ్గర పేరుకునే కొవ్వు అంత చేటు చేయదట. అసలు కొవ్వు కణాలే సరిగా లేకుండా పుట్టే అరుదైన జబ్బులోనూ షుగరు వస్తుందని చెప్పారు. దాచుకునే చోటే లేదు కదా మరి! నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

నచ్చనివీ ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి టైమిచ్చి ఎనిమిదికి పిలిచారు. ఒంట్లో కొవ్వు శాతం చూపే మెషిన్ టెస్టుని ప్యాకేజీలో కలిపేశారు. ఒంట్లో నీటిని బట్టి ఆ అంకె మారుతుందని డాక్టరమ్మే అన్నారు, మరి డబ్బెందుకు తీసుకున్నట్టు? డైట్ షీటులో ఓట్సూ అవకాడోలే. అడిగితే ఆవిడే పెన్ను తీసి జొన్న రొట్టె, తోటకూర పప్పు, ఉలవలు రాసిచ్చారు. చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు మాత్రం మానేయమన్నారు.

వెళ్లేవాళ్లు పాత రిపోర్టులు తీసుకెళ్లండి. కాలేయం స్కానింగ్ పరగడుపున చేస్తారు కాబట్టి దానికి పొద్దున్నే స్లాట్ అడగండి. పార్కింగ్ లేదు, మెట్రోలో వెళ్లడమే మేలు.