స్టేడియం నిండాలంటే: చవక సీజన్ టికెట్టా, ఆఖరి తగ్గింపా, పూర్తి ఉచితమా?

మ్యాచ్ మొదలయ్యాక ఖాళీగా మిగిలిన కుర్చీని ఇక ఎవరూ కొనరు. దాచి వచ్చే వారం అమ్ముకునే సరుకు కాదది. పైగా టీవీలో వరసలకు వరసలు బోసిగా కనిపిస్తే స్పాన్సర్ మొహం మాడిపోతుంది, ఆడేవాళ్లకూ ఊపు రాదు. అందుకే ఫుట్‌బాల్ క్లబ్బులు రేటు తగ్గిస్తాయి. ఆ పనిలో తప్పేమీ లేదు. ఎవరికి, ఎప్పుడు తగ్గిస్తున్నారన్న దగ్గరే అసలు తేడా.

ముందు నాకు నచ్చని పద్ధతి చెప్పేస్తాను. మ్యాచ్ దగ్గరపడుతున్నా టికెట్లు కదలకపోతే అప్పటికప్పుడు రేటు కోసేయడం. 2025 క్లబ్ ప్రపంచ కప్‌లో చెల్సీ, ఫ్లుమినెన్సే సెమీఫైనల్ టికెట్ ఆ వారం మొదట్లో 473.90 డాలర్లు ఉండి, చివరికి 13.40కి పడిపోయింది. అది ఫిఫా టోర్నీ, ఏ క్లబ్బూ పెట్టిన రేటు కాదు, కానీ పాఠం అందరిదీ. ముందే కొన్నవాడికి ఎలా ఉంటుంది? అభిమానం చూపించినందుకు జరిమానా కట్టినట్టు! ఈసారికి కుర్చీలు నిండుతాయేమో గానీ, ఆఖరి దాకా ఆగితే చవకగా దొరుకుతుందని జనం నేర్చుకుంటారు. ఆ అలవాటు ఒకసారి పడితే మాన్పించడం కష్టం.

దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి సీజన్ మొదలవకముందే రేటు తగ్గించడం. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ సిటీ 2001 దాకా అక్కడి మొదటి డివిజనైన ప్రీమియర్ లీగ్‌లో ఆడిన జట్టు. తర్వాత అప్పులు, దివాలా గండాలు. 2007కల్లా నాలుగో అంచెకు దిగజారింది. మైదానం మాత్రం పాతదే, పాతిక వేల సీట్లు! అప్పుడు సీజన్ మొత్తానికి టికెట్ 138 పౌండ్లకే ఇచ్చారు. సొంత మైదానంలో లీగ్ మ్యాచ్‌లు 23, అంటే ఒక్కోటి ఆరు పౌండ్లు. ఆ డివిజన్‌లో అంత జనం ఇంకే క్లబ్బుకీ రాలేదు.

అయితే చవక టికెట్ గోల్స్ కొట్టదు. బ్రాడ్‌ఫర్డ్ పైకి రావడానికి 2013 దాకా పట్టింది. కానీ అంతకాలం ఓడుతూ గెలుస్తూ ఉన్న జట్టు వెంట జనం నిలబడ్డారు కదా, నాకు అదే పెద్ద విషయం. క్లబ్బుకి ఇంకో లాభం, మ్యాచ్‌లు లేని వేసవిలోనే డబ్బు చేతికొస్తుంది. హడర్స్‌ఫీల్డ్ టౌన్ ఇంకో అడుగు వేసింది. 2017లో ప్రీమియర్ లీగ్‌కి చేరినా, కష్టకాలంలో వదలకుండా సీజన్ టికెట్ కొన్న పాతవాళ్లకు ఇచ్చిన మాట ప్రకారం 100 పౌండ్లకే ఇచ్చింది. రాయితీ అంటే ఇలా ముందొచ్చినవాడికి దక్కాలి.

లోపం లేదా అంటే ఉంది. చవకగా కొన్నది కాబట్టి వానొస్తే ఇంట్లోనే ఉండిపోతారు. కుర్చీ అమ్ముడైనట్టు లెక్క, మనిషి మాత్రం ఉండడు. ఇంగ్లండ్‌లో ప్రకటించే హాజరు అంకెల్లో ఇలా రాని సీజన్ టికెట్‌వాళ్లనూ కలిపేయడం మామూలే. మైదానంలో కూర్చుని చుట్టూ చూస్తే నవ్వొస్తుంది.

ఇక ఉచితం. వినడానికి పిచ్చి పనిలా ఉంటుంది గానీ జరిగింది. జర్మనీలో ఫార్చూనా డ్యుసెల్‌డార్ఫ్ 2023 అక్టోబర్‌లో కైజర్స్‌లౌటర్న్‌తో మ్యాచ్‌ని అందరికీ ఉచితం చేసింది. సుమారు 52,000 సీట్లకు దరఖాస్తులు లక్ష దాటాయి, లాటరీ తీయాల్సి వచ్చింది. మూడు గోల్స్ వెనకబడి 4-3తో గెలిచారు కూడా, ఆ రోజు మొదటిసారి వచ్చినవాళ్లు ఇక వదులుతారా! కానీ ఖర్చు మోసింది స్పాన్సర్లు. ఆ అండ లేని క్లబ్బు ఈ దారి పట్టకూడదు.

పారిస్ ఎఫ్‌సీ కూడా అదే ఏడాది నవంబర్ నుంచి షార్లెటీ స్టేడియంలో టికెట్ డబ్బు మానేసింది. వాళ్ల కష్టం వేరు. అదే నగరంలో పీఎస్‌జీ (పారిస్ సెయింట్ జర్మేన్) లాంటి పెద్ద క్లబ్బు ఉండగా రెండో డివిజన్ జట్టుని చూడ్డానికి డబ్బిచ్చి ఎవరొస్తారు? అక్కడ ఉచితం ఒక పరిచయ కార్డు లాంటిది. 2025లో మొదటి డివిజన్‌కి చేరి జాఁ-బుయాఁ స్టేడియానికి మారాక మళ్లీ టికెట్ పెట్టారు.

కాబట్టి నన్నడిగితే, ఊళ్లో అభిమానం ఉండీ మైదానం మరీ పెద్దదైన క్లబ్బుకి చవక సీజన్ టికెట్టే మేలు. ఎవరికీ తెలియని క్లబ్బు, స్పాన్సర్ దొరికితే, ఒకటి రెండు సీజన్లు ఉచితంగా పెట్టొచ్చు. సీజన్ టికెట్ పెట్టేవాళ్లు ఒక్క ఏర్పాటు మాత్రం మరవకూడదు: రాలేని రోజు ఆ సీటుని ఫోన్‌లోనే క్లబ్బుకి తిరిగి ఇచ్చేసే వీలుండాలి, ఎంతో కొంత డబ్బూ వెనక్కి రావాలి.