ప్రీటాల్క్స్: సదస్సులో ప్రసంగాల ఎంపికకు తగిన సాఫ్ట్‌వేర్

ప్రోగ్రామర్ల సదస్సు అనగానే హాలు, భోజనాలు, టీషర్టులు గుర్తుకొస్తాయి గాని, ఆ రోజు వచ్చినవాళ్లు ఏం నేర్చుకుని వెళ్తారన్నది అంతకు కొన్ని నెలల ముందే, ప్రసంగాల ఎంపిక దగ్గరే తేలిపోతుంది. మన దగ్గర చాలా బృందాలు ఆ ఎంపికను గూగుల్ ఫామ్‌తో మొదలుపెట్టి, స్ప్రెడ్‌షీట్‌లో సాగదీసి, వాట్సాప్ గ్రూపులో ముగిస్తాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ఏడాదికి ఒక్కరోజు సదస్సు జరిపే చిన్న బృందాలు కూడా ఆ పద్ధతి మాని ప్రీటాల్క్స్ వాడాలని నా గట్టి అభిప్రాయం.

2017లో జర్మనీలో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో అనే చట్రం ఆధారంగా రాశారు. యూరప్‌లో జరిగే పైథాన్ సదస్సు యూరోపైథాన్ దీన్ని వాడుతోంది. బ్రస్సెల్స్‌లో జరిగే ఫాస్‌డెమ్ వంటి భారీ ఓపెన్ సోర్స్ సదస్సు కూడా 2024లో దీనికి మారింది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది సమీక్ష విభాగం. సమీక్షకులకు వక్త పేరు కనిపించాలా వద్దా అన్నది నిర్వాహకులే నిర్ణయించవచ్చు; తన మార్కులు వేసేదాకా తోటి సమీక్షకుల అభిప్రాయాలు కనబడకుండా కూడా చేయవచ్చు. వక్త తన పేరునో కంపెనీ పేరునో వివరణలోనే రాసేస్తే, సమీక్షకుల కోసం ఆ ముక్కను తొలగించిన ప్రతిని సిద్ధం చేసే వీలుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరపు పదం పొడవెంతో అడిగితే పైథాన్ భాష ‘6’ అని ఎందుకు చెబుతుందో వివరిస్తానని ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని ప్రతిపాదన పంపిందనుకుందాం. పేర్లు కనిపించే జాబితాలో ఆమె పెద్ద కంపెనీల ఆర్కిటెక్టుల మధ్య అడుగున పడిపోయే ప్రమాదం ఎక్కువ; పేర్లు లేనప్పుడు యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ కంప్యూటర్‌లో సంఖ్యలు కేటాయించే ప్రమాణం) గురించి ఆమె చెప్పదలచిన విషయమే సమీక్షకుల ముందుంటుంది. మన సభల్లో ఏటా అవే ముఖాలు కనబడుతున్నాయని బాధపడేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే సదుపాయం మరొకటి లేదు.

ఉత్తరాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. ఒక ప్రతిపాదనను అంగీకరించినా తిరస్కరించినా, మెయిల్ వెంటనే వెళ్లిపోకుండా ఔట్‌బాక్స్‌లో ఆగుతుంది. ఒక్కొక్కటీ తెరిచి, తిరస్కరణకు గురైన కొత్త వక్తకు రెండు వాక్యాల సూచన చేర్చి, అప్పుడు పంపవచ్చు. ఎంతో ఆశపడి రాసిన మనిషికి ఆ మాత్రం సమాధానం ఇవ్వడం నిర్వాహకుల బాధ్యత అని నేను నమ్ముతాను.

షెడ్యూల్ తయారీ సులువే. ప్రసంగాలను మౌస్‌తో లాగి గదుల్లో, సమయాల్లో అమర్చితే, ఒకే వక్తకు ఒకే వేళలో రెండు ప్రసంగాలు పడినా, ఆయన రాలేనన్న సమయంలో పెట్టినా హెచ్చరిక వస్తుంది. మార్పు చేసిన ప్రతిసారీ కొత్త వెర్షన్‌గా విడుదల చేయాలి కనుక, ఏది ఎప్పుడు మారిందో అందరికీ తెలుస్తుంది.

టికెట్లు మాత్రం ఇందులో అమ్మలేము. అందుకు ప్రీటిక్స్ అనే వేరే సాఫ్ట్‌వేర్ ఉంది గాని, మన చెల్లింపులకు యూపీఐ తప్పనిసరి కాబట్టి ఆ భాగానికి ఇక్కడి సేవ ఏదైనా చూసుకోవడమే మేలు. సమాచారమంతా ఈమెయిల్‌లోనే వెళ్తుంది. మెయిల్ తెరిచే అలవాటు లేని విద్యార్థి వక్తలకు ఎవరో ఒకరు ఫోన్ చేయక తప్పదు. ఇద్దరు ముగ్గురు మాట్లాడే నెలవారీ మీటప్‌కు ఇంత సరంజామా అక్కర్లేదు.

సొంత సర్వర్‌లో పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్‌కు రుసుము లేదు గాని, డేటాబేస్ బ్యాకప్‌లు, మెయిల్ సర్వర్ అమరిక, అప్‌డేట్లు చూసుకునే మనిషి కావాలి. వక్తల ఫోన్ నంబర్లు, వ్యక్తిగత వివరాలు అందులో ఉంటాయి గనుక ఆ పనిని ఎవరో ఖాళీ దొరికినప్పుడు చేస్తారులే అని వదిలేయకూడదు. అలాంటి మనిషి బృందంలో లేకపోతే, తయారీదారులే నడిపే చెల్లింపు సేవను తీసుకుని, ఆ ఖర్చును స్పాన్సర్లకు చూపే బడ్జెట్‌లో మొదటే చేర్చుకోవాలి.