ఆయిల్ సంప్‌లోకి దిగిపోతోందా? ట్యాపా, వాల్వా, పంపు రిపేరా?

బెంగళూరులో బీఎస్ఏ, నార్టన్ లాంటి పాత బ్రిటిష్ మోటార్‌సైకిళ్లు పెట్టుకున్న మనవాళ్లు కలిస్తే చాలు, ఇదే ప్రశ్న. బండిని రెండు మూడు వారాలు కదపకపోతే ఆయిల్ ట్యాంకులోని ఆయిలంతా ఇంజిన్ అడుగునున్న సంప్‌లోకి దిగిపోతోంది, ఏం చేయమంటారు? ట్యాంకు నుంచి పంపుకు ఆయిల్ తెచ్చే ఫీడ్ పైపుకు ట్యాప్ పెట్టించాలా, స్ప్రింగ్ వాల్వు వేయించాలా, పంపు విప్పించాలా?

ముందు అసలు జబ్బు అదేనా అని చూసుకోండి. పొగ కనబడగానే కార్బురేటర్ విప్పేసేవాళ్లు ఎక్కువ. నల్ల పొగ, మసిబారిన స్పార్క్ ప్లగ్ అయితే అది కార్బురేటర్ సంగతే. చెన్నైలో ట్యూన్ చేసిన బండి 900 మీటర్ల ఎత్తున్న మన ఊరికొస్తే గాలి పలచబడి, పెట్రోల్ వాటా ఎక్కువవుతుంది. ఈ బళ్లకుండే అమల్ కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ ఒక సైజు తగ్గించి, ఐడ్లింగ్ సరిచేసే పైలట్ స్క్రూ మళ్లీ సెట్ చేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అలాకాక, స్టార్ట్ చేయగానే నీలం రంగు పొగ వీధంతా కమ్మేసి, కాసేపటికి తగ్గిపోతే జెట్లను ముట్టుకోకండి. అది దిగిన ఆయిలే.

ఇక మందు. ఏది పెట్టినా ఏదో ఒకరోజు ఫెయిలవుతుంది. ఆ రోజు ఇంజిన్ గతేమిటి అన్నదే నేను చూస్తాను.

ట్యాప్ చవక, మూస్తే చుక్క కూడా దిగదు. కానీ తెరవడం మరిచిపోతే పంపుకు ఆయిల్ అందదు. రెండు సిలిండర్ల బీఎస్ఏ ట్విన్‌లలో బిగ్ ఎండ్‌కు, అంటే కనెక్టింగ్ రాడ్ కింది కొసకు, ఉండేవి బాల్స్, రోలర్లు లేని ప్లెయిన్ బేరింగులు, ఆయిల్ లేకుండా ఎంతోసేపు ఓర్చుకోవు. ఆదివారం పొద్దున్నే నంది హిల్స్‌కు అందరూ బయల్దేరే హడావుడిలో ఎవరికి గుర్తుంటుంది? ట్యాప్ పెట్టాల్సిందే అంటే, అది మూసి ఉన్నంతసేపూ ప్లగ్‌కు కరెంటు పుట్టించే మాగ్నెటో ఎర్త్ అయ్యేలా ఒక స్విచ్ కలపండి. అప్పుడు ఎన్ని కిక్‌లు కొట్టినా ఇంజిన్ అందుకోదు, బతికిపోతుంది.

పైపు మధ్యలో పెట్టే స్ప్రింగ్ వాల్వు నాకు అసలు నచ్చదు. దాన్ని పంపే పీల్చి తెరవాలి. అరిగిన పంపు, చలికి చిక్కబడ్డ ఆయిల్, పైపులో కాస్త గాలి కలిస్తే తెరుచుకోకపోవచ్చు. ట్యాప్ మూసి ఉంటే కనీసం కంటికి కనిపిస్తుంది, దీనికి ఆ గుర్తు కూడా ఉండదు.

నా ఓటు పంపు రిపేరుకే. బీఎస్ఏలో ఫీడ్ దారిలో కంపెనీ పెట్టిన బాల్ వాల్వు, అంటే దారిని మూసేలా స్ప్రింగ్ నొక్కిపట్టే చిన్న గోళీ, ఎలాగూ ఉంది. దాని సీటు శుభ్రం చేసి, పాత బాల్‌ను సీటు మీద పెట్టి తేలిగ్గా ఒక దెబ్బ వేసి, కొత్త బాల్, కొత్త స్ప్రింగ్ వేయాలి. గేర్ పంపు ముఖం అరిగితే అద్దం మీద సన్న ఎమెరీ కాగితం పరిచి సమంగా రుద్దించాలి. మళ్లీ బిగించేటప్పుడు నట్లు మరీ లాగొద్దు, పంపు బాడీ వంగి గేర్లు పట్టేస్తాయి. ఇంత చేసినా కొంత ఆయిల్ దిగుతుంది. దిగితే పొగ, నేల మీద మరకలు, అంతేగానీ ఇంజిన్ పోదు. జేసీ రోడ్డులో సామాను వెతకడం, ఓపికున్న మెకానిక్‌ను పట్టుకోవడం మాత్రం తలనొప్పే.

అదీ కుదరకపోతే, స్టార్ట్ చేసేముందు సంప్ అడుగు ప్లగ్ విప్పి ఆయిల్ దించేసి, మళ్లీ ట్యాంకులో పోయండి. మురికి పనే, కానీ పైసా ఖర్చు లేదు. బుల్లెట్‌కు ఆయిల్ ట్యాంకు ఇంజిన్ కేసులోనే ఉంటుంది కాబట్టి ట్యాప్ ప్రశ్నే రాదు.

నిలబెట్టిన బండి ట్యాంకులో లెవెల్ తక్కువగా ఉందని మాత్రం పైన కొత్త ఆయిల్ పోయకండి. స్టార్టయ్యాక కిందిదంతా పైకొచ్చి ట్యాంకు పొంగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ట్యాంకు మూత తీసి, సంప్ నుంచి ఆయిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపులో ఆయిల్ బుడగలతో ఆగి ఆగి పడటం మొదలయ్యాక లెవెల్ చూడండి.