బెజవాడ జంక్షనా, మాచర్ల మీటర్ గేజి లైనా: చారిత్రక నమూనా రైలుమార్గానికి ఏది మేలు?

నమూనా రైళ్ల మీద మక్కువ పెంచుకున్న పదో తరగతి, ఇంటర్మీడియట్ విద్యార్థులు చాలామంది ముందు ఒక ఇంజన్ కొంటారు, తరువాత దానికి తగిన పట్టాలు వెతుకుతారు, ఆ పిమ్మట ఏ ఊరు, ఏ కాలం అని ఆలోచనలో పడతారు. ఒక కాలపు రైలుమార్గాన్ని బల్ల మీద చూపే చారిత్రక లేఅవుట్ విషయంలో ఈ వరుస తలకిందులైనది. స్థలమూ సంవత్సరమూ తేలితేనే స్కేలు, అంటే అసలు రైలును ఎన్నవ వంతుకు తగ్గించాలన్నది, తేలుతుంది, స్కేలు తేలిన తరువాతే ఇంజన్ మాట ఎత్తాలి. విజయవాడలోనో గుంటూరులోనో ఉంటూ ఈ పనికి పూనుకునేవారికి రెండు మంచి విషయాలు చేరువలో ఉన్నాయి. ఒకటి 1969 నాటి విజయవాడ జంక్షన్. రెండవది 1960లలో గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా మాచర్లకు నడిచిన మీటర్ గేజి (పట్టాల మధ్య ఒక మీటరు వెడల్పు గల) మార్గంలోని ఏదో ఒక చిన్న స్టేషన్.

జంక్షన్ ఆకర్షణను తక్కువగా అంచనా వేయలేము. 1888లో ఇక్కడ స్టేషన్ వెలసింది, మరుసటి ఏడాదే సికింద్రాబాదు నుంచి నిజాం రైలుమార్గం వచ్చి కలిసింది, 1893–1896 మధ్య కటక్ వైపు తూర్పు కోస్తా మార్గం తెరుచుకుంది, 1899లో మద్రాసుతో బ్రాడ్ గేజి (వెడల్పు పట్టాల) సంబంధం ఏర్పడింది. 1969ని ఎంచుకోవడానికి ప్రత్యేక కారణాలున్నాయి. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది కనుక బోర్డుల మీద, బోగీల మీద పాత దక్షిణ రైల్వే గుర్తులూ కొత్త గుర్తులూ పక్కపక్కన చూపవచ్చు. విజయవాడ, సికింద్రాబాదుల మధ్య గోల్కొండ ఎక్స్‌ప్రెస్ మొదలైనది ఆ సంవత్సరమే, ఆవిరి ఇంజన్‌తో నడిచే రైళ్లలో దేశంలోకెల్లా వేగమైనదని దానికి పేరు. పైగా విద్యుత్ తీగలు ఇంకా రాలేదు. స్తంభాలు, తీగలు నిలబెట్టే పని తప్పడం కుర్ర చేతులకు చిన్న మేలు కాదు.

అయితే కొలతలు వేయగానే ఉత్సాహం కొంత చల్లబడుతుంది. బ్రాడ్ గేజి ప్యాసింజర్ రైళ్లను లాగే డబ్ల్యూపీ శ్రేణి ఆవిరి ఇంజన్ పొడవు దాదాపు 24 మీటర్లు, బఫర్లతో కలిపి ఒక ఐసీఎఫ్ (పెరంబూరు బోగీల కర్మాగారం) బోగీ 22.3 మీటర్లు. 12 బోగీల రైలు అంటే సుమారు 291 మీటర్లు. హెచ్‌ఓ స్కేలులో, అంటే 87వ వంతుకు తగ్గించినప్పుడు, అది 3.35 మీటర్లవుతుంది. ఎన్ స్కేలులో, అంటే 160వ వంతులో కూడా 1.8 మీటర్లకు తగ్గదు. మన ఫ్లాట్లలో పడకగది ఒక గోడ పొడవు సాధారణంగా మూడు, మూడున్నర మీటర్లే. ప్లాట్‌ఫారం ఒక్కదానికే గోడంతా సరిపోతే, ఐదు దిక్కులకు చీలే పట్టాలను ఎక్కడ పరుస్తాము? ఇక కృష్ణ మీది రైలు వంతెన లేకుండా బెజవాడ ఏమిటి అనేవారికి ఒక లెక్క చెప్పాలి: దాని ఎగువనున్న ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు, కాబట్టి అక్కడి నది వెడల్పును ఉన్నదున్నట్లు చూపాలంటే హెచ్‌ఓలో 14 మీటర్లు, ఎన్‌లో ఏడున్నర మీటర్లకు పైగా కావాలి. మూడు నాలుగు ఖానాలు మాత్రమే కట్టి నదిని కుదించవచ్చు, అనుభవజ్ఞులు చేసేది అదే. కాని ఏది ఉంచాలి, ఏది వదలాలి అని తేల్చడానికి కావలసిన వివేచన మొదటి లేఅవుట్‌తో రాదు, రెండోదానితోనో మూడోదానితోనో వస్తుంది.

మాచర్ల మార్గంలోని స్టేషన్ ఈ ఇబ్బంది పెట్టదు. ఒంటి లైను, రైళ్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకునే లూపు, గూడ్సు షెడ్డు దగ్గరకు వెళ్లే ఒక సైడింగు, నీళ్ల ట్యాంకు, లెవెల్ క్రాసింగు గేటు, రెండు వైపులా స్తంభం మీద చెయ్యిలాంటి పలక లేచి దిగే సిగ్నళ్లు: ఇంతే సరంజామా. ఐదు బోగీల మీటర్ గేజి ప్యాసింజర్ ఇంజన్‌తో కలిపి 120 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, 120వ వంతు స్కేలులో అది ఒక మీటరు. ఆ ప్రాంతపు సరకులోనూ చెప్పుకోదగిన వైవిధ్యం ఉంది. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల వైపు పరుపురాయి, గుంటూరు చుట్టుపక్కల పొగాకు, మిర్చి, పత్తి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్యకాలమంతా ఆనకట్టకు దగ్గరి రైల్వే స్టేషన్ మాచర్లే. 1960ల తొలి భాగాన్ని ఎంచుకున్న విద్యార్థికి, ఆనకట్టకు వెళ్లిన సామగ్రిలో ఏది రైలు మీద వచ్చింది, ఏది లారీల మీద వచ్చింది అన్న ప్రశ్న ఒక్కటే ఒక వేసవి పరిశోధనకు సరిపోతుంది.

పరిశోధన వైపు నుంచి చూస్తే మాత్రం తూకం జంక్షన్ వైపు మొగ్గుతుంది. పెద్ద స్టేషన్‌ను ఎందరో ఫోటో తీశారు, పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి పాత పత్రికల ప్రతులను పత్రికా అకాడమీ డిజిటల్ రూపంలో అందుబాటులోకి తెచ్చింది, విజయవాడలోనే రామమోహన గ్రంథాలయం ఉంది. యార్డు నక్షా కోసం పెద్దలకు కూడా తట్టని ఒక ఆధారం చెబుతాను. అమెరికా ప్రభుత్వం 1960–1972 మధ్య కొరోనా నిఘా ఉపగ్రహాలతో తీయించిన చిత్రాలను 1995లో రహస్య జాబితా నుంచి తొలగించింది. ఆ దేశపు భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైటులో, ఇదివరకే స్కాన్ చేసినవి ఉచితంగా దొరుకుతాయి. 1967 తరువాతి చిత్రాలలో మంచివాటి స్పష్టత రెండు మీటర్లకు దగ్గరగా ఉంటుంది. అందులో ఒక్కొక్క పట్టాను లెక్కపెట్టలేకపోవచ్చు గాని, షెడ్డు ఎటువైపు ఉండేది, యార్డు ఎంత దూరం సాగింది అన్నవి తెలుస్తాయి.

చిన్న స్టేషన్‌కు ఫోటోలు దొరకడం కష్టం. అయితే కావలసిన సమాచారమూ తక్కువే. అమెరికా సైనిక పటాల శాఖ 1950లలో ముద్రించిన రెండున్నర లక్షల వంతు పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉచితంగా ఉంచింది, వాటిలో రైలుమార్గాలను గేజిని బట్టి వేరుచేసి చూపారు. సర్వే ఆఫ్ ఇండియా పాత పద్ధతిలో గుంటూరు, విజయవాడ రెండూ 65డి అనే ఒకే డిగ్రీ పటంలోకి వస్తాయి. ఇవన్నీ దారి చూపించేవి మాత్రమే. అసలు సమాచారం విశ్రాంత గార్డుల దగ్గర, స్టేషన్ మాస్టర్ల దగ్గర, పాయింట్స్‌మన్‌ల దగ్గర ఉంటుంది, గుంటూరు రైల్వే కుటుంబాలలో అటువంటి తాతగార్లు ఇంకా ఉన్నారు. వారిని "మీ కాలంలో స్టేషన్ ఎలా ఉండేదండీ?" అని అడిగితే అభిమానమే వినిపిస్తుంది, వివరం రాదు. "గూడ్సు వస్తే ముందు ఏ వ్యాగన్ విడదీసేవారండీ? ఇంజన్ ఎటునుంచి తిరిగి వచ్చి తగులుకునేది?" అని పని గురించి అడిగితే, వారే కాగితం తీసుకుని పట్టాలు గీసి చూపిస్తారు. సంవత్సరాల విషయంలో మాత్రం జ్ఞాపకాన్ని పాత టైంటేబుల్‌తో సరిచూసుకోవాలి. ఇంకొక జాగ్రత్త తల్లిదండ్రులు కూడా గుర్తుంచుకోవాలి. కొలతల కోసం పట్టాల మీదికి దిగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. స్టేషన్‌లో ఫోటోలు తీయాలన్నా ముందు స్టేషన్ మాస్టరును కలిసి అనుమతి అడగడమే మర్యాద.

ఇక పట్టాల లెక్క. చాలామంది దాటవేసే విషయం ఇదే, నా దృష్టిలో నిర్ణయం చేయవలసినది కూడా ఇదే. మన బ్రాడ్ గేజి వెడల్పు 1676 మి.మీ. దానిని 87తో భాగిస్తే 19.3 మి.మీ. వస్తుంది, కాని బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాలు ఐరోపా, అమెరికా దేశాల 1435 మి.మీ. గేజికి తయారైనవి కనుక 16.5 మి.మీ. మాత్రమే ఉంటాయి. అంటే డబ్ల్యూపీ ఇంజన్‌ను ఎంత శ్రద్ధగా కట్టినా అది నిలబడే పట్టా ఏడో వంతు ఇరుకుగా ఉంటుంది, ఎదురుగా నిలబడి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. ఎన్ స్కేలులోనూ ఇదే లోపం: కావలసినది పదిన్నర, దొరికేది 9 మి.మీ. భారతీయ నమూనాలు కట్టేవారిలో అధికులు దీనితో రాజీపడుతున్నారు, అది తప్పేమీ కాదు. కాని వెయ్యి మి.మీ. మీటర్ గేజి దగ్గర పరిస్థితి వేరు. హెచ్‌ఓలో దానికి పదకొండున్నర మి.మీ. కావాలి, 12 మి.మీ. పట్టా దొరుకుతుంది. 120వ వంతు టీటీ స్కేలులో 8.3 మి.మీ. కావాలి, అందరికీ సులభంగా దొరికే ఎన్ స్కేలు పట్టా 9 మి.మీ. రెండింటిలోనూ తేడా పన్నెండో వంతు దాటదు. చరిత్రకు కట్టుబడి ఉండాలనుకునే విద్యార్థికి మీటర్ గేజి ఇచ్చే ఈ వెసులుబాటు బ్రాడ్ గేజి ఇవ్వలేదు.

ఇంజన్ల విషయంలో జంక్షన్‌కు కొంత అనుకూలత ఉంది. బ్రాడ్ గేజి డబ్ల్యూపీ, డబ్ల్యూజీ, మీటర్ గేజి వైపీ, వైజీ వంటి ఆవిరి ఇంజన్ల నమూనాలు సిద్ధంగా దొరుకుతాయని ఆశ పెట్టుకోకూడదు. విదేశీ ఇంజన్ అడుగుభాగం తీసుకుని, పైన ప్లాస్టిక్ షీటుతోనో త్రీడీ ముద్రణతోనో శరీరం కట్టుకోవాలి. అందుకు చక్రాల అమరిక, వ్యాసం సరిపోవాలి. డబ్ల్యూజీ గూడ్సు ఇంజన్ పెద్ద చక్రాల వ్యాసం 1562 మి.మీ., అదే అమరిక గల అమెరికా తేలికపాటి మికాడో ఇంజన్ చక్రాలు 1600 మి.మీ. దాని హెచ్‌ఓ నమూనాను బాక్‌మన్ సంస్థ తయారుచేసింది కనుక గూడ్సు ఇంజన్‌కు దారి ఉన్నట్లే. మీటర్ గేజి వైపు నాకు నచ్చిన లెక్క ఒకటుంది. జపాన్ సీ57 ఇంజన్‌కూ మన వైపీకీ చక్రాల అమరిక ఒకటే. కాటో సంస్థ చేసిన దాని ఎన్ నమూనా 150వ వంతుది, అసలు చక్రం 1750 మి.మీ. ఆ నమూనా చక్రాన్నే 120వ వంతుగా భావిస్తే 1400 మి.మీ. అవుతుంది, వైపీ చక్రం 1372. అదీ నడిచేది 9 మి.మీ. పట్టా మీదనే. లెక్క కుదిరినంత సులభంగా ధర కుదరదు, దిగుమతి సుంకం కలిపితే అది పాకెట్ మనీతో తేలే వ్యవహారం కాదు. ఒకే ఇంజన్‌తో బతకగలిగే లేఅవుట్‌కు ఆ ఖర్చు ఒక్కసారే. జంక్షన్‌కు ఒక ఇంజన్ చాలదు. అన్నట్టు, ఏ ఇంజన్ కొనేముందైనా ఆ మార్గంలో, ఆ సంవత్సరంలో ఆ శ్రేణి తిరిగిందని కనీసం రెండు ఆధారాలతో రూఢి చేసుకోవాలి. వైపీ ఇంజన్లు దేశంలో మొత్తం 871 ఉండేవి గాని, ప్రతి శాఖా మార్గంలోనూ అవే నడిచాయని దానర్థం కాదు.

బల్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మే నెల ఎండకూ డిసెంబరు తెల్లవారుజాముకూ మధ్య మన గదుల్లో పాతిక డిగ్రీల తేడా ఉంటే, రెండు మీటర్ల పట్టా దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. కాబట్టి అతుకుల దగ్గర సందు వదలాలి, నీటికి ఉబ్బని ప్లైవుడ్ వాడాలి. మేడ మీది రేకుల గది జోలికి పోవద్దు.

పూర్తయిన లేఅవుట్‌ను నడపడంలోనూ చిన్న స్టేషన్‌దే పైచేయి అని నా అభిప్రాయం. జంక్షన్‌లో రైలు వచ్చి ఆగి వెళ్లిపోతుంది, చూసేవారికి కన్నుల పండుగే గాని నడిపేవారికి మీట తిప్పడం తప్ప పనేమీ ఉండదు. ఒంటి లైను మార్గంలో టోకెన్, అంటే ముందున్న లైను ఖాళీగా ఉందని తెలిపే అనుమతి గుర్తు, చేతికి వస్తే తప్ప డ్రైవరు బండి కదపకూడదు. ప్యాసింజర్ లూపులో ఆగాలి, ఎదురు గూడ్సు వచ్చి చేరాలి, దాని నుంచి రెండు వ్యాగన్లు విడదీసి షెడ్డు దగ్గర పెట్టాలి, ఇంతలో గేటు దగ్గర ఎడ్లబండ్లు పేరుకుపోతాయి. ఇద్దరు స్నేహితులు చెరొక స్టేషన్ మాస్టరై పాత టైంటేబుల్ ప్రకారం ఒక సాయంత్రమంతా నడపవచ్చు. చదువుల ఒత్తిడి వల్ల నెలల తరబడి ముట్టుకోలేని రోజులు వచ్చినా, 120 సెంటీమీటర్ల పలకలు రెండు మంచం కింద భద్రంగా ఉంటాయి.

కాబట్టి ఒంటరిగా మొదలుపెట్టే విద్యార్థికి మాచర్ల లైనే మేలు, స్కేలు 120వ వంతు, పట్టా 9 మి.మీ. నలుగురైదుగురు కలిసి, పాఠశాలలోనో అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాలులోనో చోటు సంపాదించగలిగితే జంక్షన్‌ను కాదనను. అప్పుడు కూడా స్టేషన్ మొత్తం పెట్టుకోకుండా ఆవిరి లోకోషెడ్ ఒక్కదానితో ఆరంభించడం తెలివైన పని. ఇంజన్‌ను తిప్పే టర్న్‌టేబుల్, బొగ్గు దిబ్బ, నీళ్ల గొట్టం, బూడిద గుంటలు, నాలుగైదు ఇంజన్లు నిలిచే పట్టాలు కలిపి హెచ్‌ఓలో రెండున్నర మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు గల బల్ల మీద సర్దుకుంటాయి. బోగీల ఖర్చు ఉండదు, 3.35 మీటర్ల ప్లాట్‌ఫారం సమస్యా ఉండదు. పటాలు చదివేవారు ఒకరు, పెద్దలతో మాట్లాడేవారు ఒకరు, వైర్లు కలిపేవారు ఒకరుగా పని పంచుకుంటే, మిగిలిన యార్డును తరువాతి సెలవుల్లో పలకలు పలకలుగా దానికి జతచేయవచ్చు.