టెక్సాసా, టెక్సాస్ టెక్కా? 2026 కాలేజీ సాఫ్ట్‌బాల్ సీజన్‌లో ఏ జట్టు మేలు?

ఫిబ్రవరిలో మొదలయ్యే అమెరికా మహిళల కాలేజీ సాఫ్ట్‌బాల్ సీజన్ గురించి మాట్లాడాలంటే, ముందుగా 2025 జూన్ 4న ఓక్లహోమా సిటీలోని డెవన్ పార్కులో పడిన ఒక బంతిని గుర్తు చేసుకోవాలి. మూడు మ్యాచ్‌ల ఫైనల్లో అది మొదటి మ్యాచ్. ఆరో ఇన్నింగ్స్‌లో టెక్సాస్ టెక్ ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది. రెండో బేస్ మీద ఒకరు, మూడో బేస్ మీద ఒకరు టెక్సాస్ రన్నర్లు కాచుకుని ఉన్నారు, మొదటి బేస్ ఖాళీ. బ్యాటు పట్టుకుని నిలుచున్నది టెక్సాస్ క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటి స్థానం) రీస్ ఆట్‌వుడ్. ఆమెకు కొట్టే అవకాశమే ఇవ్వకూడదని, కావాలని దూరంగా బంతులు వేసి మొదటి బేస్‌కు పంపేయాలని టెక్ నిర్ణయించుకుంది. బంతి విసిరే పిచ్చర్ నైజారీ కెనడీ అలాగే వేస్తూ వచ్చింది. కానీ అలా వదిలేయాల్సిన బంతుల్లో ఒకటి ఉండాల్సినంత దూరంగా పడలేదు. ఆట్‌వుడ్ చెయ్యి చాచి దాన్ని ఎడమవైపు మైదానంలోకి కొట్టింది. బేస్‌లన్నీ దాటి, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కు తిరిగి చేరితే పరుగు. ఆ ఇద్దరు రన్నర్లూ అలా చేరారు, టెక్సాస్ 2-1తో గెలిచింది. రెండో మ్యాచ్‌లో టెక్ 4-3తో బదులు తీర్చుకుంది. జూన్ 6న జరిగిన మూడో మ్యాచ్‌లో టెక్సాస్ 10-4తో గెలిచి, తన చరిత్రలో మొట్టమొదటి జాతీయ టైటిల్ అందుకుంది.

ఆ రెండు జట్లూ ఈ సంవత్సరం కూడా బరిలో ముందున్నాయి. ఒకే రాష్ట్రంలోని ఈ రెండు విశ్వవిద్యాలయాల్లో, ఆస్టిన్‌లోని టెక్సాస్‌లోనూ లబ్బక్‌లోని టెక్సాస్ టెక్‌లోనూ, మన తెలుగు విద్యార్థులు చాలామంది చదువుకుంటున్నారు. వాళ్లలో ఈ ఆట మొదటిసారి చూడబోయేవారు ఏ జట్టును నమ్ముకోవచ్చని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఈ రెండు జట్లు కట్టుకున్న తీరే పూర్తిగా వేరు.

క్రికెట్‌తో పెరిగిన మనకు ఇక్కడ ఒక తేడా ముందే తెలియాలి. క్రికెట్‌లో ఏ బౌలరూ వరుసగా రెండు ఓవర్లు వేయకూడదు కాబట్టి భారం దానంతటదే పంచుకోబడుతుంది. సాఫ్ట్‌బాల్‌లో అలాంటి నియమం లేదు. ఏడు ఇన్నింగ్స్‌లూ ఒకే పిచ్చర్ వేయవచ్చు, మర్నాడు మళ్లీ ఆమే వేయవచ్చు. బంతి విసిరే చోటి నుంచి బ్యాటర్ దగ్గరి ప్లేట్‌కు దూరం 43 అడుగులే. చేతిని చక్రంలా తిప్పి, నడుము పక్క నుంచి వదిలిన బంతి బ్యాటర్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. అందుకే గొప్ప పిచ్చర్ ఒక్కర్తి ఉంటే ఆ జట్టు ఎంతటి ప్రత్యర్థినైనా ఏడు ఇన్నింగ్స్‌ల పాటు కట్టిపడేయగలదు. అయితే అదే బంతిని మూడు రోజుల్లో మూడుసార్లు చూసిన బ్యాటర్లకు అది ఎక్కడ లేస్తుందో, ఎప్పుడు నెమ్మదిస్తుందో క్రమంగా తెలిసిపోతుంది. ఈ రెండు జట్ల మధ్య తూకం మొత్తం ఈ విషయం మీదే ఆధారపడి ఉందని నా అభిప్రాయం.

టెక్సాస్ టెక్ కథ చాలావరకు కెనడీ కథే. కాన్సస్‌లోని టొపీకాలో పెరిగిన ఈ అమ్మాయి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి, 2024లో దేశంలోనే ఉత్తమ కాలేజీ క్రీడాకారిణిగా ఎంపికైంది. అదే వేసవిలో టెక్‌కు మారింది. ఆ మార్పుతో పాటు కుదిరిన ఒప్పందం విలువ 10,50,024 డాలర్లని వార్తలు వచ్చాయి, చివరి 24 ఆమె జెర్సీ సంఖ్య. కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో అంతకుముందు ఎవరూ ఊహించని మొత్తం అది. ఆమె దానికి తగ్గట్టే ఆడింది: 2025లో 34 విజయాలు, 7 ఓటములు, 319 స్ట్రైక్‌అవుట్లు (బంతితోనే బ్యాటర్‌ను అవుట్ చేయడం), ఫీల్డింగ్ తప్పుల వల్ల వచ్చినవి కాక ఏడు ఇన్నింగ్స్‌లకు సగటున ఇచ్చింది 1.11 పరుగులే. జాతీయ టైటిల్ కోసం చివరి ఎనిమిది జట్లు తలపడే మహిళల కాలేజీ వరల్డ్ సిరీస్‌కు అంతవరకు ఒక్కసారి కూడా చేరని జట్టును నేరుగా ఫైనల్ దాకా తీసుకెళ్లింది. వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచి ఐదోదానికి వచ్చిన ఓక్లహోమాను సెమీఫైనల్లో 3-2తో ఆపింది కూడా ఈ జట్టే.

అయితే ఆ వరల్డ్ సిరీస్‌లో టెక్ చేసిన పరుగులు చూడండి. ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) మీద 1, యూసీఎల్‌ఏ మీద 3, ఓక్లహోమా మీద 3, ఫైనల్ మొదటి రెండు మ్యాచ్‌ల్లో 1, 4. ఐదు మ్యాచ్‌ల్లో కలిపి 12 పరుగులు. అంత తక్కువ పరుగులతో నాలుగు విజయాలు సాధించి, ఫైనల్ మూడో మ్యాచ్ దాకా నిలబడటం అంటే కెనడీ మోసిన బరువు ఎంతటిదో అర్థమవుతుంది. ఆ సిరీస్‌లో మూడో మ్యాచ్ మొదలయ్యేదాకా టెక్ తరఫున బంతి విసిరింది ఆమె ఒక్కతే. మూడో మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లో టెక్సాస్ ఐదు పరుగులు చేసింది, అందులో లీఆన్ గూడ్ కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్ (బంతిని మైదానం హద్దు దాటించే దెబ్బ) ఉంది. రెండో ఇన్నింగ్స్‌కు కెనడీ తిరిగి రాలేదు. ఆ ఓటమిని ఆమె వైఫల్యమని అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. అప్పటికి టెక్సాస్ బ్యాటర్లు వరుసగా మూడో రోజు ఆమె బంతులను ఎదుర్కొంటున్నారు.

కోచ్ జెర్రీ గ్లాస్కో ఆ పాఠం బాగా ఒంటబట్టించుకున్నారు. ఆటగాళ్లు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, మన ఐపీఎల్ వేలం రోజున పెద్ద ఫ్రాంచైజీ దిగినట్టు దిగారు. యూసీఎల్‌ఏ నుంచి ఎడమచేతి పిచ్చర్ కెయిట్లిన్ టెరీ, టెన్నెసీ నుంచి టేలర్ పనెల్, ఫ్లోరిడా నుంచి మియా విలియమ్స్, సదరన్ ఇల్లినాయ్ నుంచి జాకీ లిస్ వచ్చారు. వీళ్లలో ఎవరూ బెంచీ మీద కూర్చునేవారు కాదు, తమ పాత జట్ల బ్యాటింగ్ వరుసలో ముఖ్యులు. టెరీ కూడా బంతి వేయడమే కాదు, బ్యాటూ పట్టగలదు. కాగితం మీద చూస్తే దేశంలో ఇంతకన్నా బలమైన జట్టు లేదు, ఇందులో నాకు సందేహం లేదు.

టెక్సాస్ దారి వేరు. 2018లో ఆరెగన్ నుంచి వచ్చిన న్యూజిలాండ్ మూలాల కోచ్ మైక్ వైట్, హైస్కూలు నుంచి నేరుగా తెచ్చుకున్న అమ్మాయిలను అక్కడే పెంచి, వాళ్ల చుట్టూ జట్టును అల్లుకున్నారు. ఆట్‌వుడ్, గూడ్, వివియానా మార్టినెజ్ ముగ్గురూ ఒకేసారి ఆస్టిన్‌లో అడుగుపెట్టి, ఇప్పుడు నాలుగో ఏడు కలిసి ఆడబోతున్నారు. పిచ్చర్ టీగన్ కావన్ అయోవా నుంచి వచ్చిన అమ్మాయి, ఇది ఆమెకు మూడో సీజన్. గత వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది ఆమే. కేటీ స్టువర్ట్ బ్యాటు, కేడెన్ హెన్రీ వేగం మళ్లీ అందుబాటులో ఉన్నాయి. ఈ జట్టు 2022లోనూ 2024లోనూ ఫైనల్ చేరి, రెండుసార్లూ ఓక్లహోమా చేతిలో ఓడింది. ఆ ఓటములను దిగమింగుకున్న కుదురు గత జూన్‌లో స్పష్టంగా కనిపించింది.

నష్టం లేకపోలేదు. మూడో బేస్ దగ్గర ఆడే మియా స్కాట్ చదువు ముగించుకుని వెళ్లిపోయింది. మోకాలి లిగమెంటు తెగి ఉన్న స్థితిలో వరల్డ్ సిరీస్ ఆడి, ఆఖరి మ్యాచ్ నాలుగో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా హోమ్ రన్ కొట్టిన అమ్మాయి ఆమె. ఆ స్థానాన్ని మరొకరితో నింపవచ్చు గానీ, డగౌట్‌లో ఆమె ఉన్నప్పుడు మిగతావాళ్లకు కలిగే ధైర్యాన్ని వెంటనే తెచ్చిపెట్టడం వైట్‌కు సాధ్యం కాదు.

ఇక పక్కపక్కన పెట్టి చూద్దాం. పిచ్చింగ్‌లో మొగ్గు టెక్ వైపే. కెనడీ ఒక్కర్తే ఉన్నప్పుడు కూడా ఆ జట్టు ఫైనల్ చేరింది. ఇప్పుడు కుడిచేతి కెనడీ తరవాత ఎడమచేతి టెరీ వస్తే, బంతి వచ్చే కోణమే మారిపోయి, బ్యాటర్లు మళ్లీ మొదటి నుంచి లెక్క వేసుకోవాలి. టెక్సాస్‌లో కావన్ నమ్మదగిన పిచ్చర్, సిట్లాలి గుటియెరెజ్ అనుభవం కూడా తోడుంది. కానీ కావన్ అలసిన రోజున ఒక పెద్ద మ్యాచ్‌ను మొదటి నుంచి చివరి దాకా నడిపే రెండో పిచ్చర్ ఎవరన్నది ఇంకా తేలాల్సిందే. సరిగ్గా ఏడాది కిందట టెక్ ఎక్కడ నిలబడిందో, ఇప్పుడు టెక్సాస్ కొంతవరకు అక్కడే నిలబడింది.

బ్యాటింగ్‌లో ఇద్దరిలో ఎవరిది పైచేయి అంటే నేను కొద్దిగా టెక్ అనే అంటాను. గత జూన్‌లో ఐదు మ్యాచ్‌లకు 12 పరుగులు చేసిన జట్టు ఇప్పుడది కాదు. అయితే ఆట్‌వుడ్ లాంటి బ్యాటర్ ఒత్తిడిలో ఏం చేస్తుందో ఆ ఆరో ఇన్నింగ్స్‌లోనే చూశాం.

ఫీల్డింగ్‌లో లెక్క తిరగబడుతుంది. నేలబంతి ఇద్దరి మధ్యగా వెళ్లినప్పుడు ఎవరు అందుకోవాలి, ఎవరు బేస్ దగ్గరికి పరుగెత్తాలి అన్నది పలకరించుకుని తేల్చుకునే విషయం కాదు. బేస్‌ల మధ్య దూరం 60 అడుగులే కాబట్టి, తడబాటుకు వ్యవధి ఉండదు. గూడ్, మార్టినెజ్ ఏళ్ల తరబడి ఒకే జట్టులో ఆడారు. కావన్ బంతి ఎలా తిరుగుతుందో ఆట్‌వుడ్ చేతి తొడుగుకు మూడో సంవత్సరం అలవాటు. టెక్ ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల దగ్గరి ఫీల్డర్లలో) మాత్రం చాలామంది నిన్నమొన్నటి దాకా వేర్వేరు రంగుల జెర్సీల్లో ఆడినవారే. ఫిబ్రవరిలో ఆ లోటు పరుగుల వరదలో కనిపించకపోవచ్చు. 2-1 స్కోరుతో నడిచే మే నెల మ్యాచ్‌లో తప్పక కనిపిస్తుంది.

ప్రత్యర్థుల విషయంలోనూ తేడా పెద్దదే. టెక్సాస్ ఆడే ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే లీగ్) నుంచి గత ఏడాది వరల్డ్ సిరీస్‌కు చేరిన ఎనిమిది జట్లలో ఐదు వచ్చాయి. ఓక్లహోమా, ఫ్లోరిడా, టెన్నెసీ లాంటి జట్లతో వారాంతాల్లో మూడేసి మ్యాచ్‌లు ఆడటం పిచ్చర్ భుజాన్ని అరగదీస్తుంది, కానీ బ్యాటర్లకు అంతకు మించిన శిక్షణ లేదు. టెన్నెసీ పిచ్చర్ కార్లిన్ పికెన్స్ గత మే నెలలో గంటకు 79.4 మైళ్ల వేగంతో బంతి విసిరి, తన పేరునే ఉన్న రికార్డును తానే దాటింది. అలాంటి బంతులను ఎదుర్కొని వచ్చిన బ్యాటర్లకు జూన్‌లో కొత్త భయం ఉండదు. టెక్ ఆడే బిగ్ 12 లీగ్‌లో కూడా అరిజోనా, ఓక్లహోమా స్టేట్ ఉన్నాయి గానీ, వారం వారం అంత తాకిడి ఉండదు. దాని వల్ల టెక్‌కు ఒక మేలు కూడా ఉంది: పిచ్చర్లను కాపాడుకోవడానికి వీలు దొరుకుతుంది.

ఓక్లహోమాను మరిచిపోలేదు. ప్యాటీ గాసో శిక్షణలో ఎల్లా పార్కర్, కసిడి పికరింగ్, గాబీ గార్సియా ఉన్న జట్టును ఎవరూ తేలిగ్గా తీసుకోరు. కానీ పిచ్చింగ్‌లో పై రెండు జట్లకున్న భరోసా అక్కడ ఇంకా కనిపించడం లేదు కాబట్టి, ఈ తూకంలో దాన్ని మూడో చోట ఉంచుతున్నాను.

డబ్బు పెట్టి కట్టిన జట్టు కంటే పెంచుకున్న జట్టే నైతికంగా గొప్పదని అనేవారున్నారు. నేను ఆ మాట అనను. టెక్సాస్ టైటిల్ గెలిచిన జూన్ 6నే, విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించేందుకు వీలు కల్పించే ఒప్పందానికి న్యాయస్థానం ఆమోదం తెలిపింది. మగపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోట్లు కుమ్మరించినప్పుడు లేని బాధ, ఒక అమ్మాయి భుజానికి పది లక్షల డాలర్ల విలువ కట్టినప్పుడు ఎందుకు రావాలి? అనంతపురం క్రీడా గ్రామంలో సాఫ్ట్‌బాల్ ఆడుతున్న మన పల్లె అమ్మాయిలకు, ఈ ఆటతో ఒక జీవితాన్ని నిలబెట్టుకోవచ్చని కెనడీ ఒప్పందం చెప్పినంత గట్టిగా మరేదీ చెప్పలేదు.

కాబట్టి నా తీర్పు ఆట వరకే. సీజన్ మొత్తం మీద ఎక్కువ విజయాలు ఎవరివంటే టెక్సాస్ టెక్‌వి. టైటిల్ విషయంలో మాత్రం ఒక షరతుతో టెక్ వైపు మొగ్గుతాను: మార్చి, ఏప్రిల్ నెలల్లో గ్లాస్కో నిజంగా టెరీకి పెద్ద మ్యాచ్‌లు అప్పగించాలి. స్కోరు దగ్గరదగ్గరగా ఉండగా నాలుగో ఇన్నింగ్స్‌లో కూడా ఆమె చేతికే బంతి ఇచ్చి, కెనడీని డగౌట్‌లో కూర్చోబెట్టే ధైర్యం చూపాలి. అలా కాక ప్రతి చిక్కులోనూ పాత అలవాటు కొద్దీ కెనడీనే పిలిస్తే, జూన్‌లో ఆమె ఎదుట మళ్లీ అలసట ఎరుగని ఆట్‌వుడ్ నిలబడుతుంది, అప్పుడు నా ఓటు టెక్సాస్‌కే. లబ్బక్‌లోని రాకీ జాన్సన్ ఫీల్డ్‌కు వెళ్లగలిగినవారు స్కోరుబోర్డు కంటే ముందు, కెనడీ పక్కన టెరీ ఎన్ని ఇన్నింగ్స్‌లు వేస్తోందో రాసి పెట్టుకోండి.